ఉప్పు పెంకు మీద ఎర్ర గుడ్డ

సర్వే పనికి గల్ఫ్ పోతున్న కుర్రాళ్లు ఇప్పటికీ మా మెట్‌పల్లి వైపు నన్ను వెతుక్కుంటూ వస్తారు. వచ్చి కూర్చుంటారు, చాయ్ తాగుతారు, అందరూ ఒకటే అడుగుతారు. "మల్లేశన్నా, ఏ మిషన్ నేర్చుకొని పోవాలె?" నాకు ఒళ్లు మండుతుంది. మిషన్‌దేముంది? మూడు కాళ్ల స్టాండ్ మీద పెట్టి కన్ను ఆనించి చూసే యంత్రం అది. కోతి కూడా నేర్చుకుంటుంది.

నేను కొలత గొలుసు లాగే చైన్‌మన్‌గా చేరి సర్వేయర్ ఎలా అయ్యానో, ఏ కంపెనీలో ఎన్నాళ్లు చేశానో ఇక్కడ రాయడం లేదు. దానితో ఎవరికీ పని లేదు. కతర్‌లో ఫుట్‌బాల్ కప్పు పనులు నడిచిన రోజుల్లో నేను చూసిన ఒక్క సంగతి రాస్తున్నాను. అది తెలిస్తే సర్వే పని సగం తెలిసినట్టే.

సర్వే అంటే కొలవడం అనుకుంటారు. ఖాళీ నేల మీద అందరికంటే ముందు కాలు పెట్టడం మన పని. మన వెనుక వచ్చేవాళ్లు మన గుర్తులు చూసి నడుస్తారు. మన కొలత తప్పితే రోడ్డు వంకర పోతుంది, దాన్ని సరిచేసుకోవచ్చు. మనం పెట్టిన గుర్తును వాళ్లు ఇంకోలా చదువుకుంటే మనిషే పోతాడు. గంగారాం అలాగే పోయాడు.

తెల్లగా ఉంటే గట్టి అనుకున్నాను

ఎడారి అంటే ఇసుక దిబ్బలే అనుకొని పోతారు మనవాళ్లు. కతర్‌లో ఇసుక కంటే రాళ్లే ఎక్కువ. ఆ రాళ్ల నేల మధ్య, సముద్రానికి దగ్గరగా, పళ్లెంలా పల్లంగా ఉండే మైదానాలు కొన్ని ఉంటాయి. వాటిని అక్కడ సబ్ఖా అంటారు. ఎండకు నీళ్లు ఎగిరిపోయి పైన ఉప్పు పెంకు కడుతుంది. పెంకు కింద ఉప్పునీళ్ల బురద ఉంటుంది. అది ఎంత లోతో పైనుంచి తెలియదు. మనిషిని మోస్తుంది. పికప్‌ను ఒకచోట మోస్తుంది, నాలుగడుగుల అవతల మోయదు. పెద్ద బండిని మోసినట్టే మోసి మధ్యలో వదిలేస్తుంది.

మొదటిసారి చూసి నేను నవ్వాను. మాకు చౌడు నేల కొత్తా? మా వైపు ఎండాకాలం చౌడు తెల్లగా పూసి గడ్డపార దిగనంత గట్టిగా ఉంటుంది. తెల్లగా కనబడితే గట్టి అని నా కళ్లు చిన్నప్పుడే నేర్చుకున్నాయి. ఆ ధైర్యంతోనే కొలత కర్ర భుజాన వేసుకొని నేరుగా నడవబోయాను. వెనుక నుంచి కేక వచ్చింది.

"అరే రుక్! మీ తాత జాగీరనుకున్నవా, దబదబ పోతున్నవ్?"

అది యూసుఫ్ భాయ్ గొంతు. మా సర్వే బృందానికి పికప్ డ్రైవర్. బోధన్ మనిషి. ఇంట్లో దక్కనీ, బజార్లో తెలుగు, మాతో మాట్లాడితే రెండూ కలిపి కొట్టేవాడు. కంపెనీలోకి రాకముందు చాలా ఏళ్లు ఉమ్ సలాల్‌లో ఒక ముసలి కతరీ తోటలో పనిచేశాడు. ఆ ముసలాయన చిన్నతనంలో ఒంటెలతో ఈ సబ్ఖాల పక్కనుంచి రాకపోకలు సాగించినవాడు. తడి సబ్ఖా మీద జారిన ఒంటెకు కాళ్లు చెరో పక్కకు చీలుతాయట, ఇక లేవదట. అందుకని ఆ ఇళ్లలో పిల్లలకు నేలను చదవడం చిన్నప్పుడే నేర్పేవాళ్లు. తర్వాత రోడ్లొచ్చాయి, పెద్ద పెద్ద కార్లొచ్చాయి, ఆయన కొడుకులకు దాంతో పని లేకుండా పోయింది. ముసలాయనకు వినేవాడు కావాలి. తోటలో యూసుఫ్ భాయ్ దొరికాడు.

ఇలా చెబితే యూసుఫ్ భాయ్ ఏదో మహానుభావుడు అనుకుంటారు. కాదు. నోరు తెరిస్తే తిట్టు. మన సిగరెట్లు మనల్ని అడక్కుండా తాగేవాడు. ఇంత విద్య తెలిసి కూడా రెండుసార్లు తన బండినే దిగబెట్టుకున్నాడు, రెండుసార్లూ గాలిని తిట్టాడు. కానీ నేర్పడంలో మాత్రం పిసినారితనం లేదు.

మొట్టమొదట బూట్లు విప్పించాడు. "బూటుకు చెవులుండవు మియా. మడమకుంటయి. కొట్టు." కొట్టాను. గట్టి నేల మీద చప్పుడు అక్కడికక్కడే చచ్చిపోతుంది. బోలు నేల మీద చప్పుడు కింద ఎవరో విన్నట్టు కొంచెం దూరం పోతుంది. రెండు వారాలు కొట్టినా నాకు తేడా తెలియలేదు. తర్వాత ఒకరోజు తెలిసింది, ఇక పోలేదు. నీళ్లు ఒలికినట్టు నల్లగా ఉన్న చోటు చెడ్డదన్నాడు. చక్కెర పోసినట్టు తళతళలాడే చోటు ఇంకా చెడ్డదన్నాడు. పొదలు మొలిచి ఇసుక కుప్ప కట్టిన చోట కాలు పెట్టొచ్చన్నాడు. పాత టైరు జాడ కనబడితే సంబరపడి అందులోకి దిగొద్దని, ముందు పోయినవాడు పెంకు పగలగొట్టి పోయి ఉంటాడని చెప్పాడు. సముద్రం పోటు మీదున్న రోజుల్లో నిన్నటి గట్టి నేలను ఇవాళ నమ్మొద్దన్నాడు.

చెడ్డచోటు దొరికితే గుర్తు పెట్టేవాడు. పికప్‌లో ఎప్పుడూ రాళ్లు ఉండేవి. ఒక పెద్ద రాయి నిలబెట్టి, చుట్టూ నాలుగు చిన్నవి పేర్చి, పెద్దదానికి ఎర్ర గుడ్డ పీలిక చుట్టేవాడు. ఎర్ర రంగంటే ఆగు అని లోకమంతటికీ తెలుసు కదా అనేవాడు. నేనూ తలూపాను. ఆ రాయిని చూసి ఇంకో మాట మనసులోకి రావాల్సింది నాకే. రాలేదు.

యాన్ సారు నాన్న నేర్పిన మంచు

అప్పుడు మా మీద యాన్ అనే ఇంజనీరు ఉండేవాడు. చలి దేశం మనిషి. ఎండకు ఎర్రగా కమిలిపోయి, ముక్కు మీద తెల్ల మందు పూసుకొని తిరిగేవాడు. యూసుఫ్ భాయ్ మడమతో నేలను కొట్టడం చూసి, నవ్వకుండా వచ్చి పక్కన నిలబడ్డాడు. తనూ బూట్లు విప్పాడు.

వాళ్ల ఊళ్లో చలికాలం చెరువు గడ్డ కడుతుందట. ఇనుప పట్టీలు బిగించిన బూట్లు వేసుకొని ఊరంతా దాని మీద జారుకుంటూ పోతారట. ఏ రోజు ఆ మంచు మోస్తుంది, ఏ రోజు మోయదు అన్నది వాళ్ల నాన్న నేర్పాడట. గొడ్డలి మొనతో పొడిచి చూడాలి. చప్పుడు వినాలి. వాగు వచ్చి కలిసే చోట, రెల్లు మొలిచే చోట పల్చగా ఉంటుందని గుర్తుపెట్టుకోవాలి. ఒకరి వెనుక ఒకరు ఎడంగా పోవాలి, గుంపుగా పోకూడదు. యాన్ సారు ఇంగ్లీషులో చెబుతుంటే నేను తెలుగులో చెప్పాను. యూసుఫ్ భాయ్ నోరు తెరుచుకొని విన్నాడు.

"యా అల్లా, నీళ్ల మీద నడుస్తరా? పిల్లగాండ్లు గూడనా?"

"పిల్లలే ముందు" అన్నాడు యాన్ సారు.

అక్కడిదాకా ఇద్దరికీ బాగానే కుదిరింది. రంగు దగ్గర తగువు వచ్చింది. నల్లగా, అద్దంలా ఉండే మంచే గట్టిదని, తెల్లగా పాలలా ఉన్నది నమ్మకూడనిదని యాన్ సారు అన్నాడు. అంటూనే ఎదురుగా ఉన్న నల్లటి మచ్చ వైపు రెండడుగులు వేశాడు. యూసుఫ్ భాయ్ ఆయన చొక్కా పట్టుకొని గుంజాడు. ఇంజనీరు చొక్కా పట్టుకున్నాడేంట్రా వీడు అనుకున్నాను.

"మీ ఊరి కండ్లు మీ ఊర్లనే పెట్టి రావాలె సాబ్. ఇక్కడ నల్లగుంటే తడి. తడి అంటే ఖతం."

యాన్ సారు ఇనుప కడ్డీ తెచ్చి ఆ మచ్చలో గుచ్చాడు. ఒక్క చేత్తో నొక్కితే సర్రున పిడిదాకా దిగింది. ఆయన దాన్ని బయటికి లాగి, అంటిన బూడిదరంగు బురదను వేలితో తీసి చూశాడు. తర్వాత నేను తెల్ల చౌడు సంగతి చెప్పాను. ముగ్గురం అక్కడే కూర్చొని నవ్వుకున్నాం. ఆయన కళ్లు మంచు చూస్తున్నాయి, నావి చౌడు చూస్తున్నాయి.

మరునాడు ఆయన ప్రతి పికప్‌కు ఒక అల్యూమినియం నిచ్చెన, పొడుగు తాడు ఇప్పించాడు. మంచు విరిగి మనిషి పడితే నిలబడి దగ్గరికి పోకూడదు, నిచ్చెన పరిచి దాని మీద బోర్లా పడుకొని పాకాలి, అప్పుడు బరువు ఒకచోట పడదు అన్నాడు. వాళ్ల నాన్న అలాగే ఒకర్ని తీశాడట. మా అందరితో పాకించాడు. యూసుఫ్ భాయ్ సణుగుడు అంతా ఇంతా కాదు. "నేనేమన్న సున్నాలేసేటోన్నా, నిచ్చెన మోసుకొని తిరగనీకి?" అని గొణుక్కుంటూ దాని మీద తన తువ్వాలు ఆరేసుకునేవాడు.

కొన్నాళ్లకు యాన్ సారును ఇంకో ప్రాజెక్టుకు మార్చారు. చెయ్యి కలిపి వెళ్లిపోయాడు.

ఒక్క పూట అడిగాం

ఆయన స్థానంలో వచ్చిన మేనేజరు మన దేశం వాడే. తెలివైనవాడు, కష్టపడేవాడు. అన్యాయంగా రాయను. కానీ ఆయన నోట్లో యల్లా, అంటే కానియ్యండి త్వరగా, అన్న మాట తప్ప ఇంకోటి ఉండేది కాదు. కప్పు దగ్గరికొస్తున్నదని అందరికీ పైనుంచి ఫోన్లు వస్తుండేవి. సబ్ఖా అంచు వెంబడి మేం గుర్తులు పెట్టుకుంటూ ముందుకు పోతే, వెనుక నుంచి కంకర పోసి కట్ట వేసే జట్టు రావాలి. ఆ జట్టు కొత్తగా దిగింది. బర్వా అల్ బరాహా క్యాంపులో పెట్టారు. సగానికి పైగా మనవాళ్లు, జగిత్యాల, నిర్మల్ వైపు మనుషులు.

యూసుఫ్ భాయ్ మేనేజరు దగ్గరికి పోయాడు. నేనూ వెంట ఉన్నాను. కొత్తవాళ్లందరినీ ఒక్క పూట తన వెంట పంపమని అడిగాడు. బూట్లు విప్పించి నడిపిస్తాను, ఏ రాయి ఎందుకు పెట్టానో చూపిస్తాను అన్నాడు.

"ఇండక్షన్ అయిపోయింది యూసుఫ్. క్యాంపులో వీడియో చూశారు, హిందీలో. చాలు" అన్నాడు మేనేజరు.

"సాబ్, వీడియోల మడమ కొట్టరాదు గదా."

"మిషన్లు ఖాళీగా నిలబడితే నేనేం చెప్పాలి పైకి? యల్లా, డ్యూటీకి పో."

చెడ్డచోట్ల చుట్టూ తాడైనా కట్టిద్దామని నేను అడిగాను. కట్ట దారి ఇంకా మారొచ్చు, ఇప్పుడే వద్దు అన్నాడు. తిరిగొచ్చేటప్పుడు యూసుఫ్ భాయ్ బండిని ఎంత కోపంగా నడిపాడంటే వెనుక రాళ్లన్నీ డబడబలాడాయి. సెలవు రోజు శుక్రవారం తనే క్యాంపుకు పోయి పిలిచాడు. కొందరు వచ్చారు. మిగతావాళ్లు బట్టలు ఉతుక్కున్నారు, ఇళ్లకు ఫోన్లు చేసుకున్నారు, నిద్రపోయారు. వాళ్లను తప్పుపట్టను. వారంలో ఆ ఒక్కరోజే వాళ్లది.

రానివాళ్లలో గంగారాం ఒకడు. ఎక్స్‌కవేటర్ ఆపరేటర్. కోరుట్ల దగ్గరి ఊరు. నలభై దాటినవాడు, బొద్దు మీసం, గట్టి గొంతు. మేనేజరు నడకను అచ్చంగా నడిచి చూపించి అందరినీ నవ్వించేవాడు. యూసుఫ్ భాయ్ పిలిస్తే బనీను పిండుకుంటూ అన్నాడట:

"చాచా, చెరువుల పూడిక తీసి తీసి నా మీసం తెల్లవడ్డది. నాకు బురద జూపిస్తవా నువ్వు?"

రాయికి పసుపు

ఒకనాడు పొద్దున యూసుఫ్ భాయ్ నా దగ్గరికి వచ్చి, బండి దిగకుండానే అన్నాడు. "మల్లేశం, నా రాయికి పసుపు పెట్టిండ్రు."

పోయి చూశాను. కట్ట అంచు నుంచి కొంచెం లోపలికి, తళతళలాడే ఉప్పు మీద ఆ రాయి ఉంది. ఎర్ర గుడ్డ కింద పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టారు. ముందు ఊదుబత్తి పుల్లలు గుచ్చారు. నాకు అప్పుడు అర్థమైంది. ఎక్కడో పరాయి దేశంలో, ఖాళీ మైదానంలో, నిలబెట్టిన రాయి, దానికి ఎర్ర గుడ్డ. మా వైపు మనిషి దాన్ని చూసి ఏమనుకుంటాడు? మైసమ్మ అనుకుంటాడు. చెరువు కట్ట మీద ఉండేది, నీళ్లను కాచేది ఆ తల్లే. పని మొదలుపెట్టేముందు ఆమెకు మొక్కకుండా ఎవడూ గడ్డపార పట్టడు.

"నువ్వే తుడిచెయ్యరాదు" అన్నాను.

"నేనా? నేను సాయిబును. ఆళ్ల దేవత మొఖం మీది పసుపు నేను తుడిస్తే లొల్లి గాదా? రాయి పెట్టింది నేనే, ముట్టుకోరానిది గూడ నేనే అయిన. నువ్వు జెప్పు ఆళ్లకు."

ఆ మధ్యాహ్నమే, వాళ్లు అన్నం తినే నీడ దగ్గరికి పోయాను. నెత్తీ నోరూ కొట్టుకొని చెప్పాను. అది మైసమ్మ కాదు, ప్రమాదం గుర్తు, యూసుఫ్ భాయ్ పెట్టిన రాయి, దాని కింద నేల బోలు అన్నాను. అందరూ గంగారాం వైపు చూశారు. అతను చెయ్యి కడుక్కొని నెమ్మదిగా అన్నాడు:

"అయితే ఏందన్నా? ప్రమాదం ఉన్నకాడనే గదా తల్లి ఉండేది. మన దిక్కు రోడ్డు మలుపు కాడ, చెరువు మత్తడి కాడ, మనిషి పోయే జాగలనే గదా నిలవెడ్తరు. సాయిబు పెడితేంది, ఎవలు పెడితేంది? ఆమె కూసోవాల్సిన కాడనే కూసున్నది."

అతను చెప్పినదాంట్లో అబద్ధం లేదు. నేను ప్రమాదం అన్న కొద్దీ వాళ్లకు మొక్కు అవసరం ఎక్కువైంది. చివరికి ఒక్కటే అడిగాను, బండ్లు మాత్రం కట్ట దిగొద్దని.

"బండ్లెందుకు పోతయన్నా? నడిచిపోయి దండం పెట్టుకొస్తం. ఇన్ని రోజులసంది పోతలేమా? ఏమైంది?"

ఏమీ కాలేదు, నిజమే. పెంకు మనిషిని మోస్తుంది. రోజూ మోస్తుంటే వాళ్లకు నమ్మకం పెరిగింది. నేను మేనేజరు దగ్గరికి పోయి, ఆ జాగా చుట్టూ ఇవాళే కంచె వేయాలని మళ్లీ అడిగాను. వచ్చేవారం చూద్దాం అన్నాడు.

కొత్త బండి

ఆ వచ్చేవారం రాకముందే ట్రాలీ మీద కొత్త ఎక్స్‌కవేటర్ వచ్చింది. పసుపుపచ్చగా మెరుస్తోంది, సీటు మీది ప్లాస్టిక్ కూడా తీయలేదు. గంగారాంకే ఇచ్చారు. మనవాళ్లు కొత్త సైకిల్ కొన్నా దేవుడికి చూపించకుండా తొక్కరు. గంగారాం చక్రాల బదులు ఇనుప పట్టాల కింద నిమ్మకాయలు పెట్టాడు. ఒక కొబ్బరికాయ లింగన్న చేతికిచ్చాడు. లింగన్న బండి ముందు నడుస్తూ చెయ్యి ఊపి దారి చూపేవాడు. ఇద్దరిదీ ఒకే ఊరు.

మేం అప్పటికి కట్ట వెంబడి చాలా ముందుకు పోయాం. నేను మిషన్‌లో కన్ను పెట్టి ఉన్నాను. అద్దంలో పసుపుపచ్చ బండి కట్ట మీదుగా వచ్చి, ఆగి, పక్కకు తిరగడం కనబడింది. ఎందుకు తిరుగుతోందో నాకు అర్థమైంది. కొత్త బండి ముఖం తల్లికి చూపించాలి.

గంగారాం తెలివితక్కువవాడు కాదు, అది మీరు గుర్తుపెట్టుకోవాలి. నా మాట చెవిన పెట్టకపోలేదు. ఊళ్లో ఎన్నో చెరువుల్లో, పైన ఎండి లోపల మెత్తగా ఉన్న పూడిక మీద పట్టాల బండి నడిపినవాడు. పట్టాలు బరువును పరుస్తాయి, టైరు దిగబడిన చోట పట్టా దిగబడదు. అది నిజమే, మన చెరువుల్లో. అక్కడ మెత్తటి మట్టి కింద గట్టి మట్టి ఉంటుంది. రాయి దాకా పోవాలని కూడా అనుకోలేదట, కట్ట దిగి నాలుగు బారలు పోయి, నిలబెట్టి, కాయ కొట్టి వెనక్కి రావాలనుకున్నాడట. లింగన్న తర్వాత చెప్పాడు.

నేను అరిచాను. అంత దూరం వినబడదు. యూసుఫ్ భాయ్ నన్ను చూశాడు, బండిని చూశాడు, పికప్ స్టార్ట్ చేశాడు. నేను వెనుక ఎక్కేలోపే కదిలింది.

మేం పోతుండగానే ఎడమ పట్టా కింద పెంకు పగిలింది. బండి పెద్ద చప్పుడేమీ చేయలేదు. ఒక పక్కకు ఒరిగింది, ఆగింది, మళ్లీ ఒరిగింది, తలుపు ఉన్న పక్కకే పడుకుంది. క్యాబిన్ సగం బురదలోకి పోయింది. లింగన్న కాయ పారేసి పరుగెత్తబోయి నడుము లోతు కూరుకుపోయాడు. కదిలిన కొద్దీ దిగుతున్నాడు.

కట్ట మీద ఉన్నవాళ్లంతా ఒక్కసారిగా కిందికి ఉరకబోయారు. యూసుఫ్ భాయ్ పికప్‌ను వాళ్లకు అడ్డంగా పెట్టి, దొరికిన తిట్టల్లా తిట్టి ఆపాడు. నిచ్చెన లాగాడు. తువ్వాలు దానికే ఉంది. నిచ్చెన ఉప్పు మీద పరిచి, తాడు నడుముకు కట్టుకొని, ఆ పెద్ద పొట్టతో బోర్లా పడుకొని పాకాడు. తాడు రెండో కొస నేను పట్టుకున్నాను. లింగన్న చంకల కిందికి చేతులు పోనిచ్చి, "కాళ్లు కొట్టకు, పండు, పండు, ఎల్లకిల పండు" అని అరుస్తూనే ఉన్నాడు. అందరం కలిసి లాగాం. లింగన్న బూట్లు అక్కడే ఉండిపోయాయి, మనిషి వచ్చాడు. ఎప్పుడూ చూడని చెరువు మీద ఎవరో తండ్రి కొడుక్కి నేర్పిన విద్య అలా మా లింగన్నను బతికించింది.

గంగారాం దగ్గరికి మాత్రం పోలేకపోయాం. బండి చుట్టూ పెంకు మొత్తం పగిలి పేస్టులా అయింది, నిచ్చెన మునిగిపోతోంది. యూసుఫ్ భాయ్ రెండుసార్లు ప్రయత్నించాడు. రెండోసారి మొహం బురదలో మునిగితే మేమే వెనక్కి లాగేశాం. మొదట్లో లోపలి నుంచి అద్దం మీద కొట్టిన చప్పుడు వినబడింది. తర్వాత వినబడలేదు.

క్రేన్ రావాలంటే గట్టి దారి కావాలి. టిప్పర్లతో కంకర తెచ్చి పోసుకుంటూ, పోసుకుంటూ పోయారు. ఏ జట్టు కట్ట వేయడానికి వచ్చిందో ఆ జట్టే తన మనిషి శవం దాకా కట్ట వేసింది. బయటికి తీసేసరికి ఎండ నడినెత్తి దాటింది. కట్ట మీద పడుకోబెట్టాక, చూస్తుండగానే మొహం మీద తడి ఆరి, మీసం నిండా తెల్లగా ఉప్పు తేలింది. లింగన్న తన చొక్కాతో తుడుస్తూనే ఉన్నాడు, అది మళ్లీ తేలుతూనే ఉంది.

ఎవరిది తప్పు

సేఫ్టీ వాళ్లు వచ్చారు, ఫోటోలు తీశారు. ఆపరేటర్ అనుమతి లేకుండా దారి దిగాడని తేల్చారు. అందులో అబద్ధం లేదు, నిజమూ లేదు. పూజ పిచ్చితో పోయాడని క్యాంపులో కొందరు వెక్కిరించారు. వాళ్ల మీద చెయ్యి చేసుకోబోయాను, యూసుఫ్ భాయ్ ఆపాడు. నా మటుకు నేను మేనేజరును ఈ రోజు వరకు క్షమించలేదు. ఆయనకూ ఫోన్లు వచ్చేవి, ఆయనకూ భార్యాపిల్లలున్నారు, అన్నీ తెలుసు. మేం ఒక్క పూట అడిగాం.

మరునాడు యూసుఫ్ భాయ్ నన్ను ఆ రాయి దగ్గరికి తీసుకుపోయాడు. కొత్తగా పోసిన కంకర మీదుగా పోయాం. "నువ్వు బొట్టు తియ్యి. నేను రాయి తీస్త" అన్నాడు. నేను దండం పెట్టుకొని, తప్పయితే నా మీద వేసుకో తల్లీ అని, పసుపు తుడిచాను. ఎర్ర గుడ్డ విప్పి మడిచాను. యూసుఫ్ భాయ్ రాయిని ఎత్తి, పసిపిల్లను మోసినట్టు పొట్టకానించుకొని బండి దాకా తెచ్చాడు. బండి దగ్గర కూలబడి ఏడ్చాడు.

"ఆగమని పెట్టిన మల్లేశం. రమ్మన్నట్టయింది."

ఆ తర్వాత అతను నేర్పే పద్ధతి మారింది. కొత్త జట్టు వస్తే ముందు తను చెప్పడు, వాళ్లను అడుగుతాడు. "మీ ఊర్ల ఎవరూ పోగూడని జాగ ఉంటే ఏం పెడ్తరు?" బంగ్లా వాళ్లను అడిగాడు, నేపాలీలను అడిగాడు, మనవాళ్లను అడిగాడు. ఒక్కొక్కరు ఒక్కోటి చెప్పారు. అందరూ ఒప్పుకున్నది ఒకటే వచ్చింది. ముళ్ల కంప. చేనుకు అడ్డంగా కంప వేసి ఉంటే పల్లెటూరి మనిషి ఏ దేశం వాడైనా ఆగుతాడు. కంపకు ఎవడూ బొట్టు పెట్టడు. ఉమ్ సలాల్‌లో తను పనిచేసిన తోట నుంచి ముళ్ల కొమ్మలు నరుక్కొచ్చి పికప్ నింపేవాడు. చేతులన్నీ గీతలు. మేనేజరు ఈసారి ఏమీ అనలేదు.

సర్వేకు పోయే కుర్రాళ్లకు నేను చెప్పేది ఇదే. గుర్తు పెట్టి చేతులు దులుపుకోకండి. దాన్ని చూసే మనిషిని పక్కన నిలబెట్టుకొని, నీకు ఇది ఏమని కనబడుతున్నదిరా అని అడగండి. అతను చెప్పేదాకా కదలకండి. మేం గంగారాంను అడగలేదు.

నర్సింలు

కట్ట పూర్తయి, పైన తారు పడి, రోడ్డు తయారయ్యాక గంగారాం తమ్ముడు నర్సింలు పనికి వచ్చాడు. మెసైమీర్‌లో ఏదో బిల్డింగు పని. అన్న పోయిన దేశానికే తమ్ముడు ఎలా వచ్చాడని అడగకండి, మన ఊళ్లలో అడిగే ప్రశ్న కాదది. ఒక శుక్రవారం ఫోన్ చేశాడు, అన్న పోయిన జాగా చూపించమని. యూసుఫ్ భాయ్ పికప్‌లో తీసుకుపోయాం.

రోడ్డు పక్కన దిగాడు. అన్న పోలికే, మీసం మాత్రం లేదు. చేతిలో సంచి ఉంది. అందులో కొబ్బరికాయ, పసుపు పొట్లం, ఒక చిన్న రాయి. రాయిని దోహాలో ఎక్కడో ఏరుకొని కడిగి తెచ్చాడు.

"ఏడన్నా?"

చూపించాను. క్రేన్ కోసం గంగారాం దాకా పోసిన కంకరను కట్ట పూర్తయ్యాక తవ్వి తీసుకుపోయారు. తెల్లటి ఉప్పు మళ్లీ పెంకు కట్టింది. అంచున కంపలు తప్ప అక్కడ ఏమీ జరిగినట్టే లేదు.

"అక్కడొక రాయి ఉండెనట గదా. లింగన్న జెప్పిండు. ఏదీ?"

"తీసేసినం."

అతని మొహం మారిపోయింది. "మా అన్న పానం పోయిన జాగల ఒక్క రాయి గూడ ఉంచలేదా మీరు? ఇది పెట్టొస్త. ఒక్క నిమిషం." కంప దాటబోయాడు. నేను రెక్క పట్టుకున్నాను. విడిపించుకోబోయాడు, రెండు చేతులా పట్టుకున్నాను. "విడువన్నా! దండం గూడ పెట్టుకోనియ్యరా? మనుషులేనా మీరు?" అని అరిచాడు. నాకూ ఏడుపొచ్చింది.

"నువ్వు రాయి పెడితే రేపు ఇంకొకడు మొక్కనీకి పోతడు నర్సింలూ. మీ అన్న పోయింది గట్లనే."

అతను గుంజులాడటం ఆపాడు. ఆ ఉప్పు వైపు తిరిగాడు.

"గట్టిగనే కనవడ్తున్నది గదన్నా."

"మీ అన్నకు గూడ గట్టిగనే కనవడ్డది."

నర్సింలు సంచిలోని రాయిని తీసి కాసేపు చేతిలో పట్టుకున్నాడు. మళ్లీ సంచిలోనే పెట్టుకున్నాడు. కొబ్బరికాయ రోడ్డు అంచు రాయికి కొట్టాడు. తర్వాత పికప్ వెనక్కి పోయి, ఎవరూ చెప్పకుండానే, ఒక పెద్ద ముళ్ల కొమ్మను లాగాడు.

"ఇది నేనేస్తన్నా."

ఈడ్చుకుంటూ పోయి, ఉన్న కంపల మధ్య ఖాళీలో అడ్డంగా పెట్టి, కాలితో నొక్కుతున్నాడు. యూసుఫ్ భాయ్ రోడ్డు మీద నుంచే అతని పాదాలను చూస్తూ నిలబడ్డాడు.

"ఇవతలికి బేటా" అన్నాడు. "ఇంకొంచెం ఇవతలికి."